సార్డిన్ ఊరు, రెజిన్ వాసన

మొన్న విశాఖ ఆటోనగర్‌లో కారు సర్వీసింగ్‌కి ఇచ్చి, టీ తాగుదామని నడుస్తుంటే పక్క సందులో ఫైబర్ ట్యాంకులు చేసే షెడ్డు నుంచి గుప్పున వాసన కొట్టింది. పాలిస్టర్ రెజిన్ వాసన, గాజు నారని గట్టిగా పట్టి ఉంచే జిగురు లాంటి ద్రవం అది. అలవాటు లేనివాళ్లు ముక్కు మూసుకుని దాటేస్తారు, అదే మంచిది కూడా. నేను మాత్రం టీ సంగతి మర్చిపోయి ఆ షెడ్డు ముందే ఐదు నిమిషాలు నిలబడిపోయాను. లోపలి కుర్రాడు "ఏం కావాలి సార్?" అంటే ఏం చెప్పాలో తోచక "ట్యాంకు ఎంత?" అన్నాను. మాకు అక్కర్లేని వెయ్యి లీటర్ల ట్యాంకు రేటు, డెలివరీ చార్జీతో సహా విని వచ్చాను.

ఆ వాసనతో 2008 వేసవి గుర్తొచ్చింది. ఫ్రాన్స్‌లో అట్లాంటిక్ ఒడ్డున సాన్ జిల్ క్రువా ద వీ అనే ఊరు. పేరు పొడుగు గానీ ఊరు చిన్నదే. నిజానికి అవి రెండూళ్లు, మధ్యలో వీ అనే చిన్న నది, 1967లో రెండింటినీ కలిపేశారు. సార్డిన్ చేపలకు పేరున్న ఊరు, మన కవళ్ల జాతి చేపలే అవి. పడవల సంగతి తెలిసినవాళ్లకు మాత్రం అది బెనెతో అనే సరదా పడవల (యాట్‌ల) కంపెనీ పుట్టిన ఊరు. ప్రపంచంలో ఏ యాట్ హార్బర్‌కి వెళ్లినా నాలుగు పడవలు చూస్తే ఒకదాని మీదైనా ఈ కంపెనీ గుర్తు కనిపిస్తుందని మావాళ్లతో అంటుంటాను. లెక్క వేసి చెప్పింది కాదులెండి, అభిమానం.

నేను అక్కడిదాకా ఎలా వెళ్లానో చెప్పాలి. మాది తాళ్లరేవు, కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో ఉంటుంది. పక్కనే కోరంగి. ఒకప్పుడు అక్కడ ఓడలు కట్టేవారు, 1839 తుఫాను రేవుని తుడిచిపెట్టేసింది. ఓడలు పోయినా పడవలు కట్టే పని మాత్రం మా చుట్టుపక్కల మిగిలింది. మా తాతయ్య ఆ పనే చేసేవాడు. కాగితం మీద గీత గీయకుండా, ఇసుకలో కాలి బొటనవేలితో ఓ గీత గీసి "ఇంత పొడుగు" అని మొదలుపెట్టేవాడు. ముందు అడుగు దుంగ, తర్వాత వంపు తిరిగిన పక్కటెముకలు, వాటి మీద పలకలు, ఆ పలకల సందుల్లో పత్తి దట్టించి గుగ్గిలం పూయడం. నేను ఆంధ్రా యూనివర్సిటీలో నేవల్ ఆర్కిటెక్చర్, అంటే ఓడల డిజైన్ చదువుతున్నానంటే, "పడవ కట్టడానికి నాలుగేళ్లు ఎందుకురా, నా దగ్గర ఉంటే రెండేళ్లలో నేర్పేస్తాను కదా" అనేవాడు. తర్వాత 2007లో పీజీకి నాంత్ వెళుతున్నానని చెప్పడానికి పోతే, "ఫ్రాన్సా? యానాం వాళ్లదేగా" అన్నాడు. 1954 దాకా యానాం ఫ్రెంచి వాళ్ల కింద ఉండేది, ఈయన కుర్రతనంలో అక్కడ పని చేసొచ్చాడు. ఆయన లెక్కలో ఫ్రాన్స్ అంటే యానాంకి ఇంకాస్త అవతల.

నాంత్‌లో మొదటి సంవత్సరం అయ్యాక వేసవి సెలవుల్లో ఏదన్నా పని దొరక్కపోతే అద్దె కట్టలేని పరిస్థితి. ఎవరో చెబితే సాన్ జిల్ రేవులో పడవలు రిపేరు చేసే ఒక చిన్న వర్క్‌షాప్‌లో చేరాను. నాంత్ నుంచి చిన్న రైలు ఉంటుంది, అది ఆ ఊళ్లోనే ఆగిపోతుంది, దాని తర్వాత సముద్రమే. రేవుకి దగ్గర్లో ఒక పెద్దాయన ఇంట్లో మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. ఆయన పేరు ఇక్కడ రాయను. వయసు డెబ్బై దాటింది, చిన్నప్పుడు చెక్క పడవల వడ్రంగిగా మొదలై తర్వాత ఫైబర్ పనిలోకి మారి రిటైరయ్యాడు. నన్ను "పెతీ" అనేవాడు, అంటే బుడ్డోడా అన్నట్టు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. చేతులు అచ్చం మా తాతయ్య చేతుల్లా ఉండేవి, కుడిచేతి చూపుడువేలు గోరు సగమే ఉండేది, అది కూడా.

బెనెతో కథ నాకు మొదట ఆ ఇంటి భోజనాల బల్ల దగ్గరే తెలిసింది, తర్వాత పుస్తకాల్లో చదివి సరిచూసుకున్నాను. 1884లో బెంజమిన్ బెనెతో అనే ఆయన క్రువా ద వీ రేవులో చేపల పడవలు కట్టడానికి షెడ్డు వేశాడు. యాట్‌లూ విలాసాలూ ఏమీ లేవు, తెరచాపలతో సార్డిన్ వేటకు వెళ్లే చెక్క పడవలు, అంతే. అప్పట్లో లాభమంతా వేగంలోనే ఉండేది. ఎవడు ముందు రేవుకి వస్తే వాడి చేపకు మంచి ధర, వెనకొచ్చినవాడికి ఫ్యాక్టరీ వాళ్లు ఇచ్చిందే ధర. అందుకే ఆయన 1910 ప్రాంతంలో పడవకి ఇంజను పెట్టాడు. చుట్టుపక్కల తీరంలో అదే మొదటిది. ఆ చప్పుడుకి చేపలన్నీ పారిపోతాయని మిగతా జాలర్లు రాళ్లు రువ్వేంత గొడవ చేశారట. ఆ పడవ పేరు తెలుగులో చెప్పాలంటే "అసూయపరుల మీద గెలిచినోడు". నేను పడీ పడీ నవ్వాను. పెద్దాయనకి అర్థం కాలేదు. మా ఊళ్లో ఆటోల వెనక "నన్ను చూసి ఏడవకురా" అని రాస్తారని చెప్పేసరికి, ఫ్రెంచిలో అది ఎలా అనువదించానో ఇప్పుడు గుర్తు లేదు గానీ, ఆయన నాకంటే గట్టిగా నవ్వాడు. వాళ్లావిడ వంటగదిలోంచి వచ్చి ఏమైందని అడిగింది.

తర్వాత కొడుకు ఆంద్రే నడిపాడు, అప్పుడూ చేపల పడవలే. 1960లు వచ్చేసరికి చేపల వేట దెబ్బతింది, కొత్త పడవలు కట్టించుకునేవాళ్లు తగ్గారు. షెడ్డు మూసే పరిస్థితి. 1964లో ఆ ఇంటి ఆడపిల్ల అనెత్ పగ్గాలు పట్టుకుంది, ఆమె సోదరుడు, అతని పేరూ ఆంద్రేనే, పడవల డిజైన్లు చూసుకునేవాడు. ఆవిడకి అప్పుడు 22 ఏళ్లు. పెళ్లయ్యాక ఆమె పేరు అనెత్ రూ అయింది. మన దగ్గర ఇరవై రెండేళ్ల ఆడపిల్ల పడవల షెడ్డులోకి వచ్చి పెద్ద మేస్త్రీలకు పని చెబితే ఏమయ్యేదో ఊహించుకోండి, అక్కడ కూడా అప్పట్లో అంతే. "మొదట్లో మేమెవరం ఆమె మాట వినలేదు" అన్నాడు పెద్దాయన, అని కాసేపాగి "తర్వాత జీతం టైముకి వచ్చింది, విన్నాం" అన్నాడు.

ఆవిడ పట్టుకున్న తీగ చాలా సింపుల్. చేపలు పట్టి బతికేవాళ్లు తగ్గుతున్నారు సరే, సెలవుల్లో సరదాకి చేపలు పట్టేవాళ్లు పెరుగుతున్నారు కదా అని. ఫ్రాన్స్‌లో అప్పటికే జీతంతో కూడిన సెలవులు మూడు వారాలు, 1969లో నాలుగయ్యాయి. దానికి తోడు 1964లోనే ఎరిక్ తబర్లీ అనే ఫ్రెంచి నేవీ ఆఫీసరు ఒంటరిగా అట్లాంటిక్ దాటే రేసులో బ్రిటిష్ వాళ్లను ఓడించేసరికి దేశమంతా పడవల పిచ్చి పట్టుకుంది, మనకి 1983 వరల్డ్ కప్ తర్వాత క్రికెట్ పట్టుకున్నట్టు. 1965 పారిస్ బోట్ షోలో వీళ్లు ఫైబర్‌గ్లాస్‌తో చేసిన చిన్న పడవలు పెట్టారు. ఫ్లెటాన్ అనే పడవ అప్పటిదే, అది ఒక చేప పేరు. చేపలు పట్టుకోవచ్చు, ఆదివారం పెళ్లాం పిల్లల్ని షికారుకీ తీసుకెళ్లొచ్చు. బేరం కుదిరింది. చేపల పడవల కంపెనీ కాస్తా సరదా పడవల కంపెనీ అయిపోయింది.

ఇక్కడ ఫైబర్‌గ్లాస్ గురించి కాస్త చెప్పాలి, ఈ వ్యాపారమంతా దాని మీదే నిలబడింది కాబట్టి. చెక్క పడవ ఒక్కోటీ ఒక్కో కాన్పు. ఫైబర్ పడవకి అచ్చు ఉంటే చాలు, ఇడ్లీ రేకులో పోసినట్టు ఒకదాని తర్వాత ఒకటి తీయొచ్చు. అచ్చు చేయడానికి మాత్రం బోలెడు ఖర్చు, అందుకని ఒకే మోడల్ వందల్లో అమ్ముడుపోతేనే గిట్టుబాటు. కాలేజీ వాళ్లు ఒకసారి మమ్మల్ని ఫ్యాక్టరీ చూడ్డానికి తీసుకెళ్లారు. నలభై అడుగుల అచ్చు లోపలి భాగం అద్దంలా మెరుస్తోంది, దాని మీద మైనం రాసి తుడిచి, ముందు జెల్‌కోట్ కొడుతున్నారు. అంటే రేపు బయటికి కనిపించే తెల్ల రంగే మొట్టమొదట పడుతుంది. దాని మీద గాజు నార పొరలు, రెజిన్, మళ్లీ నార, మళ్లీ రెజిన్. ఒకతను ఇనుప రింగులున్న చిన్న రోలర్‌తో నొక్కుతూ పోతున్నాడు, గాలి బుడగలు పోవడానికి, అది చిన్నగా కరకరమంటుంది. నాకు చేతికిచ్చి చూడమన్నారు. రెండు నిమిషాల్లో భుజం పట్టేసింది. మా తాతయ్య ముందు ఎముకలు పెట్టి తర్వాత చర్మం తొడిగేవాడు, వీళ్లు ముందు చర్మం చేసి తర్వాత ఎముకలు అతికిస్తున్నారు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి తాతయ్యకి ఈ ముక్క చెబితే చాలాసేపు మాట్లాడలేదు, ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. చివరికి "మరి మేకు ఎక్కడ కొడతారు?" అన్నాడు. మేకులుండవు తాతయ్యా అంటే "అయితే అది పడవ కాదు, గిన్నె" అని తేల్చేశాడు.

గిన్నె అయితేనేం, 1977లో ఫస్ట్ 30 అనే ముప్పై అడుగుల పడవ వచ్చింది. ఆంద్రే మోరిక్ అనే డిజైనర్ గీసినది. రేసుకి పనికొస్తుంది, కుటుంబంతో వారం రోజులు ఉండటానికీ పనికొస్తుంది. చేపల పడవల వాళ్లనే పేరు దానితో పోయింది. 1984లో కంపెనీ పారిస్ స్టాక్ మార్కెట్‌కి వెళ్లింది, మెజారిటీ వాటా మాత్రం కుటుంబం వదులుకోలేదు. 1986లో అమెరికాలో సౌత్ కరోలినాలోని మారియన్‌లో ఫ్యాక్టరీ పెట్టారు, అదే ఏడు ఓషనిస్ సిరీస్ మొదలైంది. అది రేసుల గోల లేకుండా హాయిగా తిరిగేవాళ్ల కోసం.

అమెరికాలో ఫ్యాక్టరీ ఎందుకంటే అసలు కిటుకు అక్కడుంది. యాట్ కొనేవాళ్లందరూ కోటీశ్వరులని నేను అనుకునేవాడిని. కరీబియన్ దీవుల్లో మూరింగ్స్ లాంటి చార్టర్ కంపెనీలు ఉన్నాయి, వాటికి పడవలు డజన్ల కొద్దీ కావాలి. వాళ్లు చేసేదేమిటంటే, పడవని ఓ డాక్టరు చేతో లాయరు చేతో కొనిపిస్తారు, కొన్న పడవని ఐదేళ్ల పాటు తమ దగ్గరే పెట్టుకుని టూరిస్టులకి అద్దెకిస్తారు, ఓనరుకి నెల నెలా ఇంత అని ముట్టజెబుతారు, ఏడాదికి కొన్ని వారాలు ఓనరు కూడా తిరగొచ్చు, ఐదేళ్లయ్యాక పడవ అతని చేతికి. మన దగ్గర ఇన్నోవా కొని ట్రావెల్స్‌కి అటాచ్ చేస్తారే, సరిగ్గా అదే. ఈ పద్ధతిలో పడవ కట్టినవాడికి ఒకేసారి బల్కుగా ఆర్డర్లు. చార్టర్ పడవకి ఒకే ఒక్క పరీక్ష ఉంటుంది, పడవ నడపడం సరిగ్గా రానివాడు వారానికొకడు వచ్చి దాన్ని రేవు గోడకి గుద్దినా తట్టుకోవాలి.

అంతా సాఫీగా జరిగిందా అంటే లేదు. 1980ల చివర్లో కంపెనీ నిండా మునిగినంత పనైంది. రెజిన్ గట్టిపడటానికి కలిపే రసాయనంలో తేడా వచ్చి, కొన్నేళ్లకి పడవల అడుగు మీద నీటి పొక్కులు లేవడం మొదలైంది. దీన్ని ఆస్మోసిస్ అంటారు. అమ్మేసిన పడవలని వెనక్కి రప్పించి బాగుచేయాల్సి వచ్చింది. ఆ మాట ఎత్తితే పెద్దాయన మొహం ముడుచుకునేవాడు.

ఈ పొక్కుల సంగతి నాకు చేతులతో తెలుసు. వర్క్‌షాప్‌లో నా పనే అది. ఏ కంపెనీ పడవో అనవసరం, ఒక పాత పడవని నీళ్లలోంచి పైకి లేపి స్టాండ్ల మీద పెట్టారు. అడుగున చేత్తో తడిమితే కంది కాయలంత బొడిపెలు. మా ఓనరు ఒక స్క్రూడ్రైవర్ ఇచ్చి గుచ్చమన్నాడు, గుచ్చాను, చిటుక్కుమని పగిలి కంటి మీదకి ఒక చుక్క చిందింది, అద్దాలు పెట్టుకోమని చెప్పినా పెట్టుకోలేదు కాబట్టి తప్పు నాదే. కంగారులో ఎవరో నెత్తిన బకెట్ నీళ్లు కుమ్మరించారు. కన్ను మండలేదు గానీ ఆ రోజంతా టెన్షన్. ఆ నీళ్లు వెనిగర్ వాసన వస్తాయి, పొక్కు కాదు ఆవకాయ జాడీ మూత తీసినట్టు. తర్వాత మూడు వారాలు ఆ పడవ అడుగున వెల్లకిలా పడుకుని జెల్‌కోట్ గీకాను. గీకడం అయ్యాక నెలల తరబడి ఆరబెట్టాలి, అప్పుడు ఎపాక్సీ అనే నీళ్లు చొరని పూత పూయాలి. పూసే దాకా నేను లేను.

ఆదివారాలు పెద్దాయన తన పాత ఫస్ట్ 30లో తీసుకెళ్లేవాడు, ఇద్దరు స్నేహితులతో కలిసి వాటాకి కొనుక్కున్నది. నేవల్ ఆర్కిటెక్చర్ చదివానని గొప్పలు పోయి మొదటిరోజే ఎక్కాను. రేవు గోడ దాటగానే అట్లాంటిక్ అల మా బంగాళాఖాతం అల లాంటిది కాదని అర్థమైంది. పడవ పక్కకి ఒరిగితే పడిపోతుందనుకుని గట్టిగా అరిచాను. అది పడదని, అడుగున టన్ను పైగా బరువున్న ఇనుప కీల్ (పడవని నిలబెట్టే రెక్క) ఉందని, లెక్క ఎలా వేయాలో కూడా నాకు తెలుసు, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. అరగంటకి తిన్నదంతా అట్లాంటిక్‌కి సమర్పించుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. చుక్కాని కర్ర నా చేతిలో పెట్టి "దూరంగా కనిపించే చర్చి గోపురం మీద చూపు పెట్టు" అన్నాడు. పని చేసింది. తర్వాతి ఏడెనిమిది ఆదివారాలు నేనే నడిపాను, ఆయన ముందు కూర్చుని రేజర్‌లాంటి కత్తితో రొట్టె కోస్తూ ఉండేవాడు.

ఆ సెప్టెంబరులో అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలింది. పడవ అనేది జనం మొదట మానుకునే ఖర్చు కదా, సాన్ జిల్ ఉన్న వాందే ప్రాంతమంతా ఆ దెబ్బ తగిలింది. బెనెతో అమ్మకాలు కూడా గట్టిగా పడిపోయాయి. అప్పటికే వాళ్లు 1995లో జానో అనే అదే ప్రాంతపు పోటీ కంపెనీని కొనేసి ఉన్నారు, సెలవుల్లో ఉండే మొబైల్ ఇళ్ల వ్యాపారం కూడా పెట్టుకున్నారు, అందుకే నిలదొక్కుకున్నారు. చిన్నవాళ్లకి అంత ఆసరా ఎక్కడిది. నాకు మరుసటేడు ఇంటర్న్‌షిప్ ఇస్తానని నోటిమాటగా చెప్పిన ఒక డిజైన్ ఆఫీసు వాళ్లు మెయిల్‌కి జవాబివ్వడం మానేశారు. కోపం వచ్చింది అప్పట్లో. తర్వాత తెలిసింది, జవాబివ్వడానికి ఆ ఆఫీసులో ఎవరూ మిగల్లేదని. నేను చివరికి ఆయిల్ రిగ్గులకి సప్లై వెళ్లే షిప్పుల మీద పనిలో పడ్డాను. యాట్ డిజైన్ అక్కడితో సరి.

అయినా వార్తలు చూస్తూనే ఉంటాను. 2018లో మన నేవీ ఆఫీసరు అభిలాష్ టామీ, ఒంటరిగా ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసుకి బయల్దేరింది సాన్ జిల్‌కి కాస్త దక్షిణాన ఉన్న లే సాబ్ల్ దొలోన్ నుంచే. ఆయన పడవ తురియా గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డ్‌లో తయారైంది. అదే యార్డ్ కట్టిన తారిణి మీద ఆ ముందు ఏడు సెప్టెంబరులో ఆరుగురు నేవీ అమ్మాయిలు ప్రపంచం చుట్టి రావడానికి వెళ్లారు, అందులో మన విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. 254 రోజుల తర్వాత 2018 మేలో తిరిగొచ్చారు. యాభై ఆరు అడుగుల పడవ. ఆ రోజు టీవీ ముందు కూర్చుని తాతయ్య ఉంటే ఇప్పుడైనా గిన్నె అనేవాడా అనుకున్నాను. ఆయన 2011లో పోయాడు.

పెద్దాయనతో కొన్నేళ్లు క్రిస్మస్‌కి ఫోన్లు నడిచాయి. ఒకసారి అవతల వాళ్లావిడ ఎత్తింది, ఆవిడ గొంతులోనే తెలిసిపోయింది.

ఆ వేసవి ఆఖరి రోజు స్టేషన్ దాకా వచ్చి ఆయన నాకొక సార్డిన్ డబ్బా ఇచ్చాడు. ఆ ఊళ్లో మంచి సార్డిన్లని డబ్బా మీద సంవత్సరం వేసి అమ్ముతారు, వైన్ సీసాలకి వేసినట్టు. మా దాని మీద 2008 అని ఉంటుంది. నూనెలో నానేకొద్దీ రుచి పెరుగుతుందట, ఆర్నెల్లకోసారి డబ్బాని తలకిందులుగా తిప్పి పెట్టమన్నాడు, నూనె రెండు వైపులా సమంగా పట్టడానికి. పదిహేనేళ్ల పైగా తిప్పుతున్నాను. ఉగాదికి ఒకసారి, దసరాకి ఒకసారి. మా ఆవిడ ఫ్రిజ్ సర్దినప్పుడల్లా దాన్ని చెత్తబుట్ట దగ్గర పెడుతుంది, నేను తెచ్చి మళ్లీ పై అరలో పెడతాను. మొన్న ఆటోనగర్ నుంచి ఇంటికి రాగానే చూశాను, ఈ దసరాకి తిప్పడం మర్చిపోయాను. తిప్పి పెట్టాను.